ట్రే పట్టుకున్నావిడ

తన వీడియోనే తనకి కానుకగా వచ్చింది మేడమీదావిడకి. పంపింది ఆడపడుచు. "వదినా, చేతిలో పని పక్కన పడేసి ముందిది చూడు. నాకు ఏడుపాగలేదు. ఇలాంటివి చేసినవాళ్ళ చేతులు కళ్ళకద్దుకోవాలి" అని కింద రాసింది.

కళ్ళకద్దుకోవలసిన ఆ చేతులు అప్పటికి సింకులో, మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. మేడమీదావిడ వాటిని తువ్వాలుకి తుడుచుకుని, ఫోనుని నీళ్ళసీసాకి ఆనించి చూడటం మొదలుపెట్టింది. మొదటి దృశ్యానికి నవ్వొచ్చింది. రెండో దృశ్యానికి ఒళ్ళు మండింది.

ఆవిడ అసలు పేరుతో ఆ వీధిలో ఎవరికీ పని పడలేదు. కింద దర్జీ కొట్టు, పైన వీళ్ళ కాపురం. పాలవాడి దగ్గర్నుంచి పోస్టుమాన్ దాకా అందరికీ ఆవిడ మేడమీదావిడే. వీడియోలు పెట్టుకోవడానికి ఖాతా తెరిచినప్పుడు ఫోను ఏదో ఒక పేరు చెప్పమంటే, నలుగురి నోట్లో నలిగిన పేరే కదా అని అదే ఇచ్చింది. ఆ పేరు వీడియోకి కింద, కుడివైపు మూల, చిన్న అక్షరాల్లో ఉండాలి. ఇప్పుడు లేదు. అడుగుభాగాన్ని అంచు కోసినట్టు అడ్డంగా కోసేసి, ఆ చోట ఎర్ర పట్టీ మీద కిరీటం బొమ్మ పెట్టి "సీరియల్ సింహాసనం" అని అతికించారు. దాని కింద "కూర్పు: మా టీమ్" అని ఇంకో ముక్క.

"టీమట!" అంది మేడమీదావిడ గిన్నెలతో. "ఏ టీము? నేనూ నా నడుం నొప్పీనా?"

ఆ వీడియో వెనక నెలల తరబడి మధ్యాహ్నాలున్నాయి. ఎప్పుడో ముగిసిపోయిన సీరియల్ అది. ఒక పెద్ద బంగళా, అందులో వంతులవారీగా అందరూ ఏడవడం. ఆ బంగళాలో ఒక పనమ్మాయి ఉండేది. ఒక్క మాట లేదు. ట్రేలో కప్పులు తేవడం, ఓ మూల నిలబడటం, పొమ్మంటే పోవడం. కెమెరా ఏనాడూ ఆమె కోసం తిరగలేదు. ఏడ్చేవాళ్ళ భుజాల వెనక, కర్టెన్ల పక్కన, పూలకుండీల చాటున దొరికినంత దొరికేది. మేడమీదావిడ కంటికి మాత్రం ఆమె తప్ప ఇంకెవరూ ఆనలేదు. బంగళా పెద్దాయన కోడలి చెంప పగలగొట్టినప్పుడు గదిలో ఉన్నవాళ్ళందరూ వరసలో నిలబడి ఒకరి తరవాత ఒకరు ఉలిక్కిపడితే, ఆమె మాత్రం ట్రే అంచు మీద వేళ్ళు బిగించింది. ఒక కప్పు కదిలింది. అంతే. మేడమీదావిడ ఆ కప్పు దగ్గర సీరియల్ ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ మళ్ళీ చూసింది.

అక్కణ్ణించి మొదలైంది పని. ట్రే పట్టుకున్నామె కనిపించిన ప్రతి చోటా దృశ్యాన్ని కత్తిరించడం, ఏడ్చేవాళ్ళు పక్కకి పోయి ఆమె ఒక్కతే మిగిలేదాకా రెండు వేళ్ళతో సాగదీయడం, ముక్కకి ముక్క అతకడం. సీరియల్ మాటలూ సంగీతమూ ఉంచితే వీడియోని ఆపేస్తారని అవన్నీ తీసేసింది. మాటల్లేని చోట చప్పుడు కావాలి. అందుకని తన వంటింట్లో స్టీలు పళ్ళెంలో కప్పులు పెట్టి, ఫోను పక్కనుంచి, ఊపింది. మెల్లిగా ఒకసారి, గట్టిగా ఒకసారి, సాసర్లతో, సాసర్లు లేకుండా. కొన్ని కప్పులు చెవులు పోగొట్టుకున్నాయి. ఇంత పని జరుగుతుండగా పక్క గదిలో అత్తగారు దగ్గారు. ఆ దగ్గు రికార్డులో పడింది. తియ్యబోయి, ఎందుకో బావుందనిపించి ఉంచేసింది. బంగళాలో ఏం జరుగుతోందో మొత్తం ఆ పనమ్మాయి మొహం మీదే తెలిసిపోయేలా తయారైంది వీడియో. చివర్లో "దృశ్యాలన్నీ ఆ సీరియల్ తీసినవారివి" అని వాళ్ళ సంస్థ పేరూ దర్శకుడి పేరూ వేసి దణ్ణం బొమ్మ కూడా పెట్టింది. మన మర్యాద మనది.

ఇప్పుడు సింహాసనంవారి పేజీలో ఆ వీడియో కింద జనం కుప్పలుగా పొగుడుతున్నారు. "ఆ తలుపు వెనక దగ్గు పెట్టారు చూడండి, పెద్దాయన అంతా వింటున్నాడని ఎంత బాగా చెప్పారు! మీ టీమ్‌కి జోహార్లు."

"అత్తయ్యా, మీరు టీమ్‌లో ఉన్నారట" అంది మేడమీదావిడ గదిలోకి వెళ్ళి.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చూశారు. దగ్గు వచ్చిన చోట మళ్ళీ పెట్టించుకుని విన్నారు. "నా దగ్గే" అని తేల్చారు. "నన్నడక్కుండా వాడెవడు వాడుకోవడానికి? నిన్నంటే నేను అడగను, ఇంటిదానివి."

సింహాసనంవారికి మేడమీదావిడ చాలా మర్యాదగా రాసింది. అయ్యా, ఈ కూర్పు నాది, నా పేరు కోసేశారు, దయచేసి వెయ్యండి అని. వెంటనే జవాబొచ్చింది.

"మేడం, సీరియల్ మీరు తీశారా?"

"లేదండీ."

"మరి మీదెలా అయింది?" పక్కన పళ్ళికిలించే బొమ్మ.

"ముక్కలు ఏరి కూర్చింది నేను. చప్పుళ్ళు నావి."

"మేం షేర్ చెయ్యకపోతే మీ చప్పుళ్ళు మీ ఇంట్లోనే ఉండేవి మేడం. సంతోషించండి." ఇంకో పళ్ళికిలింపు.

సాయంత్రం భర్త వచ్చి మంచినీళ్ళు తాగేలోగానే కథంతా ఆయన నెత్తిన పడింది. ఆయన గ్లాసు కింద పెట్టి, న్యాయమూర్తిలా గడ్డం నిమిరి, "వాడడిగిందాంట్లోనూ ఒక పాయింటుంది" అన్నాడు.

"ఏమిటో ఆ పాయింటు?"

"సీరియల్ నువ్వు తీయలేదు కదా."

"వంకాయ మీరు పండించారా? కూర వండితే మరి 'నేను వండాను' అని పక్కింటివాళ్ళ దాకా వినపడేట్టు చెప్పారుగా మొన్న?"

"అది వేరు."

"ఏం వేరు? సీరియల్ వాళ్ళొచ్చి తియ్యమంటే ఈ క్షణం తీసేస్తా, వాళ్ళ సొమ్ము. వాళ్ళ పేరు నేను వేశాను. వీడు నా పేరు కోశాడు, వాళ్ళ పేరూ కోశాడు. కోసి, టీమ్ అని రాసుకున్నాడు. నాకు మండేది అక్కడ."

ఆయన ఇంకో గ్లాసు నీళ్ళు తాగి తీర్పు వాయిదా వేసుకున్నాడు.

మర్నాడు మేడమీదావిడ ఆ వీడియోలు నడిపే కంపెనీవాళ్ళ ఫిర్యాదుల పెట్టెలో ఫిర్యాదు పెట్టింది. నీదే అనడానికి సాక్ష్యం ఏమిటని ఆ పెట్టెలో అడిగారు. కప్పులు ఊపిన రికార్డు మొత్తం జతచేసింది. వీడియోలో పడింది దగ్గు వరకే. అసలు రికార్డులో దగ్గు తరవాత అత్తగారి గొంతు ఇంకా ఉంది: "ఎవరే అదీ, ఉన్న నాలుగు కప్పులూ పగలగొట్టి కూచుంటావా?" లోకంలో ఈ ముక్క ఇంకెవడి దగ్గరా ఉండే అవకాశం లేదు.

ఫిర్యాదు పెట్టి చేతులు కట్టుకు కూర్చునే రకం కాదు ఆవిడ. జాకెట్టు ఇవ్వడానికి కిందికి దిగినప్పుడు దర్జీతో మొర పెట్టుకుంది. ఆయన నోట్లో సూది తీసి మరీ విన్నాడు.

"గుడ్డ నాది కాదు మేడం, కొలతలు నావి కావు" అన్నాడు. "అయినా నా చీటీ లేకుండా చొక్కా గుమ్మం దాటదు. ఇదివరకు మెడ వెనక కుట్టేవాణ్ణి. మూలమీద పెద్ద కొట్టాయన దాన్ని ఊడబీకి తన చీటీ వేసుకుని అమ్ముకున్నాడు. అప్పట్నుంచి జేబు కుట్టులో కలిపేస్తున్నా. పీకాడా, జేబు ఊడొస్తుంది. పీకితే బట్ట చెడేచోట వెయ్యాలి మేడం చీటీ."

మేడమీదావిడకి బుర్రలో దీపం వెలిగింది. జాకెట్టు చంకలో పెట్టుకుని, కుట్టడానికి తెచ్చిన సంగతే మర్చిపోయి, మెట్లెక్కి పైకొచ్చేసింది.

ఆ మధ్యాహ్నం మంచం మీద గోడకి ఆనుకుని, ఒళ్ళో దిండు, దిండు మీద ఫోను పెట్టుకుని కూర్చుంది. పేరు ఎక్కడ వేస్తే పీకితే బట్ట చెడుతుంది? మూలలు పనికిరావు, కోసేస్తారు. కర్టెన్ మీద వేస్తే మసక పులిమేస్తారు. ట్రే మీద వేసి చూసింది. దగ్గరగా తీసిన దృశ్యాల్లో ట్రే కిందికి పోయి కనబడటం లేదు. మొదటి నుంచి చివరి దాకా ప్రతి దృశ్యంలోనూ, సరిగ్గా నడిమధ్య ఉన్నది ఒక్కటే. ఆమె మొహం.

పలచటి తెల్ల అక్షరాలతో, చెంప నుంచి చెంపకి, "మేడమీదావిడ" అని వేసింది. ఆమె తల తిప్పితే పేరు కూడా తిరగాలి. ఆ పని ఫోనే చేసుకుంటుందన్నారు గానీ, మధ్యలో ఏడ్చేవాళ్ళెవరైనా అడ్డొస్తే చాలు, ఫోను ఆమెని వదిలేసి వాళ్ళ వెంటబడి పోయేది. సీరియల్ తీసినవాళ్ళు చేసిందీ అదే కదా అనుకుంటూ, ప్రతిచోటా ఆపి, వేలితో లాగి, పేరుని తిరిగి మొహం మీదికి తెచ్చింది. ఇలా తెచ్చి తెచ్చి మెడ పట్టేసింది. ఆ మొహం ఆవిడకి కంఠతా వచ్చు. ఎప్పుడు కనుబొమ కదులుతుందో, ఎప్పుడు గుటక పడుతుందో అన్నీ తెలుసు. అందుకని అక్షరాల చాటున ఉన్నా ఆవిడకి మాత్రం శుభ్రంగా కనిపిస్తూనే ఉంది.

"బావుంది" అన్నాడు భర్త చూసి. "దోమతెరలోంచి చూసినట్టుంది గానీ."

"దొంగలున్న చోట తెరలు కట్టుకోవాలి మరి."

పాతది తీసేసి కొత్తది పెట్టింది. ఆ వారంలోనే ఆవిడ దశ తిరిగింది. ముందు ఫిర్యాదు గెలిచింది. సింహాసనంవారి దగ్గర్నుంచి వీడియో తీయించేశారు. అత్తగారి గద్దింపు అక్కడెవరికి అర్థమైందో గానీ పని చేసింది. "మా అమ్మ దగ్గుకి కూడా హక్కులున్నాయన్నమాట" అని భర్త ఆఫీసులో చెప్పుకున్నాడు. తరవాత కొత్త వీడియో చేతులు మారడం మొదలుపెట్టింది. కోయడానికి వీల్లేదు, పులమడానికి వీల్లేదు. ఎవరు పంచుకున్నా పేరు నడిమధ్య కూర్చుని వెళ్ళాల్సిందే. చివరికి సింహాసనంవారు కూడా దిక్కులేక ఆ పేరుతోనే పెట్టుకున్నారు. ఆడపడుచు ఫోనులో కెవ్వుమంది: "వదినా! నువ్వా? నీ చేతులేనా నేను కళ్ళకద్దుకుంటానన్నది?"

"అద్దుకుంటానంటే పంపిస్తా, గిన్నెలు కూడా తోమి పంపు" అంది మేడమీదావిడ.

అత్తగారు వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ దగ్గు వినిపించారు. దర్జీ కొట్టులో బేరాలాడే వాళ్ళు కూడా పైకి చూసి, "మేడమీదావిడంటే ఈవిడేనా" అన్నారు. ఓ రెండు రోజులు ఆవిడకి మెట్లు ఎక్కడం తేలిగ్గా అనిపించింది.

ఆ మర్నాడు, బట్టలు మడతపెడుతుండగా, ఒక గొంతు రికార్డు వచ్చింది. తెలియని మనిషి. వెనకాల గిన్నెల మోత, ఎవరో ఎవరినో కేకేయడం.

"నమస్తే అండీ. మేడమీదావిడగారేనా? ట్రే పట్టుకున్నది నేనేనండీ. మీ వీడియో మా క్యాంటీన్‌లో అందరూ చూస్తున్నారు. అది నేనే అని చెప్తే ఎవరూ నమ్మలేదు. వాళ్ళ తప్పేం లేదులెండి, కనపడదుగా. మా అమ్మాయికి చూపించా. 'ఏదమ్మా నువ్వు, ఈ అక్షరాల వెనకున్నావా?' అంది. ముందు ఒకటి తిరిగిందట కదండీ, ఎర్ర పట్టీ ఉన్నది, దాంట్లో మొహం బాగా కనపడేదట. అదెక్కడ దొరుకుతుందో చెప్తారా? ఎంత వెతికినా దొరకట్లేదు. ఉంటానండీ."

మేడమీదావిడ చేతిలో ఉన్న తువ్వాలు మడతపెట్టింది. విప్పి మళ్ళీ మడతపెట్టింది. ఎర్ర పట్టీ ఉన్నది దొరకదు. పోరాడి తీయించింది తనే. పేరు మూలనున్నది అసలే దొరకదు. తీసేసింది తనే. ఫోను తీసి వీడియో పెట్టుకుంది. ఈసారి ఆ మొహం ఎరగనిదానిలా చూద్దామని చూసింది. తెల్లటి అక్షరాలు కదులుతున్నాయి. "మే" కింద ఒక కన్ను. "విడ" కింద ఒక చెంప. కప్పు కదిలిన చోట ఆమె పెదవులు ఏం చేశాయో తనకి తెలుసు. తనకి తప్ప ఇంకెవరికీ తెలిసే దారి లేదు.

"అమ్మాయ్, ఏమైంది? ఎవరు పోయారు?" అన్నారు అత్తగారు తలుపు దగ్గర నిలబడి.

"ఎవరూ పోలేదత్తయ్యా. ఉన్న మనిషే."

బట్టలు వదిలేసి ఆ మనిషికి ఫోను చేసింది. క్షమించండి అని మొదలుపెట్టబోతే ఆమె మాట సాగనివ్వలేదు.

"అయ్యో, అదేంటండీ! మీరు చెయ్యబట్టే కదా, నన్నెవరు చూశారు ఇన్నేళ్ళకి? టైటిల్స్‌లో అందరి పేర్లూ వేసి చివర్న 'మరియు ఇతరులు' అని వేసేవాళ్ళు. నేను ఇతరుల్లో ఉండేదాన్ని. ఇప్పుడు ఆస్పత్రి క్యాంటీన్‌లో చేస్తున్నా. ఇక్కడా ట్రేలే. నన్ను వదల్లేదవి."

నవ్వింది. మేడమీదావిడకి నవ్వు రాలేదు.

"ఒకటి అడగనా అండీ?" అంది ఆమె. "ఆ చెంపదెబ్బ దగ్గర కప్పు చప్పుడు మీరెలా పెట్టారు?"

"మా వంటింట్లో ఊపానండీ. ఆ కప్పు కదలడం చూసే నేను ఈ వీడియో మొదలుపెట్టా. అదేదో మీ చెయ్యి జారి కదిలినట్టుంది, అదృష్టవశాత్తూ కెమెరాలో పడింది."

అవతల ఒక తలుపు వేసిన చప్పుడైంది, గిన్నెల మోత తగ్గింది.

"జారలేదండీ" అంది ఆమె. "నేనే కదిలించా. ఎవరూ చెప్పలేదు. ఏడవమన్నవాళ్ళు ఏడుస్తున్నారు, నాకేం చెయ్యమని చెప్పలేదు, నిలబడమన్నారంతే. ఆ పిల్ల చెంప మీద దెబ్బ పడితే ట్రే పట్టుకున్నదానికి ఏమీ అవదా అనిపించి, బొటనవేలితో అలా అన్నా. చప్పుడైందని డైరెక్టరుగారు తిట్టారు కూడా. తరవాత టీవీలో చూస్తే చప్పుడు తీసేశారు. మీ దాంట్లో మళ్ళీ వినపడేసరికి..." ఆగి, మామూలు గొంతుతో, "అదేనండీ, అదే అడుగుదామనుకున్నా" అంది.

మేడమీదావిడకి కోపం వచ్చింది. సింహాసనంవారి మీద వచ్చిన కోపం దీని ముందు చిన్నది. ఆ టైటిల్స్ రాసినవాడి మీద వచ్చింది, చప్పుడు తీసేసినవాడి మీద వచ్చింది, సంస్థ పేరూ దర్శకుడి పేరూ వేసి దణ్ణం పెట్టిన తన చేతుల మీద వచ్చింది. ఆ మనిషికి ఒక పేరుంటుందనీ, దాన్ని కనుక్కోవచ్చనీ ఇన్ని మధ్యాహ్నాల్లో ఒక్కసారైనా తోచలేదు.

"మీ పేరు చెప్పండి" అంది.

ఆమె చెప్పింది. మేడమీదావిడ రెండోసారి అడిగి, పలికి చూపించి, సరే అనిపించుకుంది. "ఎక్కడ వెయ్యమంటారు?"

"మీ ఇష్టమండీ. మొహం మీద మాత్రం వద్దు."

మధ్యాహ్నమంతా తగలేసి పెట్టిన పేరు, తియ్యడానికి ఒక్క నొక్కు సరిపోయింది. అక్షరాలు పోగానే ఆ మొహం కడిగినట్టు బయటికొచ్చింది. మొదటి దృశ్యంలో ఆమె గుమ్మంలోంచి వస్తుంది, ట్రే నిండుగా కనిపిస్తుంది. ఆ ట్రే అంచు వెంబడి, కప్పుల ముందు, ఆమె పేరు వేసింది. ట్రేతోపాటు కదిలేలా పట్టుబట్టి కూర్చుంది. తన పేరు ఎప్పట్లాగే కింద మూలకి చేర్చింది. ఎక్కడైతే కోస్తారో సరిగ్గా అక్కడ.

కోశారు. మర్నాడు పొద్దున్నే ఆడపడుచు ఫోను: "వదినా, ఆ వెధవలు మళ్ళీ నీ పేరు కోసేశారు! ఎర్ర పట్టీ, కిరీటం, టీమ్, అన్నీ షరా మామూలే. చూశావా?"

చూసింది. పోనీలే అనుకునేంత మంచితనం మేడమీదావిడలో లేదు. రక్తం సలసల కాగింది. ఫిర్యాదు పెట్టె తెరిచి, కప్పుల రికార్డు జతచేసి, పంపే మీట మీద వేలు పెట్టి, ఆఖరిసారి వాళ్ళు పెట్టింది చూసింది. అడుగు కోశారే గానీ నడిమధ్య జోలికి పోలేదు. ట్రే మీద పేరు అలాగే ఉంది. సీరియల్‌లో భాగమే అనుకున్నారో ఏమో, పట్టించుకోలేదు. మొహం శుభ్రంగా ఉంది. కింద జనం రాస్తున్నారు: "ట్రే మీద ఉన్నది ఆవిడ పేరా? ఇంకా ఏవైనా వాటిల్లో చేశారా?" ఆమె కూతురే కాబోలు, ఒక చోట రాసింది: "మా అమ్మ. కప్పు కావాలనే కదిపింది."

ఇప్పుడు మీట నొక్కితే ఇదంతా పోతుంది. ఒకసారి గెలిచింది, మళ్ళీ గెలుస్తుంది. గెలిస్తే ఇంతమంది కళ్ళ ముందు నుంచి ఆ మొహం మళ్ళీ పోతుంది.

"నా దగ్గు ఉంచాడా?" అన్నారు అత్తగారు లోపల్నుంచి.

"ఉంచాడత్తయ్యా."

"పేరు?"

మేడమీదావిడ ఫిర్యాదు మూసేసింది. సింహాసనంవారి వీడియో కింద, జనం రాసుకునే చోటికి వెళ్ళి, ఒక్కొక్క అక్షరమే సరిచూసుకుంటూ రాసింది. కూర్పు: మేడమీదావిడ. దగ్గు: మా అత్తగారు. కప్పు మొదట కదిపిందీ ట్రే పట్టుకున్నదీ, అని ఆమె పూర్తి పేరు.

గిన్నెలు సగం తోమేసరికి దాన్ని తీసేశారు. చేతులు తుడుచుకుని మళ్ళీ రాసింది. తీసేశారు. ఈసారి అంతా ఒకచోట దాచుకుని, అతికించింది. తీశారు, అతికించింది. వాళ్ళకి టీమ్ ఉండొచ్చు. ఆవిడకి మధ్యాహ్నాలన్నీ ఖాళీయే.